మాట రాని ఎనిమిది కలాలు

నేను ఒక యంత్రాన్ని. బాంబును కాను. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే మీరు నన్ను ఎప్పుడైనా చూసి ఉంటే తెర మీద బాంబుగానే చూసి ఉంటారు. విలన్ గోడౌన్‌లో ఎర్రబల్బు వెలిగి ఆరుతుంటే, ఏ వైరు కత్తిరించాలో తెలియక హీరో చెమటలు కక్కుతూ చూసిన ఇనప పెట్టె నేనే. ఒక సినిమాలో అబద్ధాలు పట్టే మిషన్ని, ఇంకో సినిమాలో వేరే గ్రహం వాళ్ళతో మాట్లాడే రేడియోని. ఒక భక్తి సినిమాలో అయితే నన్ను దుప్పటి కప్పి, కెమెరా చాలినంత ఎత్తు లేదని దాని కింద పెట్టారు. అక్కడ మాత్రం నేను నటించాల్సిన అవసరం రాలేదు.

నా అసలు పేరు ఈఈజీ మిషను. మనిషి తల మీద చిన్న చిన్న బిళ్ళలు అంటించి, మెదడులో పుట్టే కరెంటును పట్టుకుని, కాగితం మీద గీతలుగా గీయడం నా ఉద్యోగం. ఆ కరెంటు ఎంత తక్కువంటే, గోడ గడియారంలో వేసే బ్యాటరీ దాని ముందు పెద్ద పవర్‌హౌస్ కింద లెక్క. దాన్ని లక్షల రెట్లు పెంచి గీయాలి. అందుకు నాకు ఎనిమిది కలాలున్నాయి. కింద కాగితం జరిగిపోతుంటే ఎనిమిదీ వరసగా కూర్చుని గరగరమంటూ రాస్తూ ఉంటాయి. దూరం నుంచి చూసినవాళ్ళు ఎనిమిది మంది గుమాస్తాలు తల ఎత్తకుండా పనిచేస్తున్నారనుకుంటారు. అయితే ఆ ఎనిమిది మందికీ చదువు రాదు. బతుకంతా రాశాం గానీ ఒక్క అక్షరం రాయలేదు.

నేను బెంగళూరులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను మొట్టమొదట పరీక్షించింది ఆ షెడ్డు వాచ్‌మన్ తల మీద. బిళ్ళలు అంటించి పడుకోబెట్టగానే ఆయన హాయిగా నిద్రపోయాడు. కాబట్టి నేను గీసిన మొదటి కాగితం ఒక వాచ్‌మన్ డ్యూటీలో నిద్రపోయాడనడానికి తిరుగులేని సాక్ష్యం. అందరూ దాన్ని చూసి యంత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోందని చప్పట్లు కొట్టారు. వాచ్‌మన్ కూడా కొట్టాడు.

అక్కడి నుంచి కోస్తాలో ఒక పెద్ద ఆసుపత్రికి వచ్చాను. నన్ను నడిపేందుకు మార్తమ్మ అనే టెక్నీషియన్‌ని వేశారు. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. రిటైరయ్యేదాకా ఆమె నా పక్కనే ఉంది. నాకూ ఆమెకూ మొదటి రోజు నుంచీ ఉన్న శత్రువు ఒక్కటే: నూనె. పెద్దాసుపత్రిలో తలకు పరీక్ష అంటే మా ఊళ్ళవాళ్ళు తలకు ఇంత కొబ్బరినూనె పట్టించి, నున్నగా దువ్వుకుని, పెళ్ళిచూపులకు వచ్చినట్టు వచ్చేవారు. బిళ్ళ అంటుకుంటే ఒట్టు. మార్తమ్మ వాళ్ళను కోప్పడలేక, వెనక్కి పంపలేక, ఆసుపత్రి పంపు దగ్గరే కుంకుడురసంతో ఎంతమందికి తలంటు పోసిందో నాకు తెలుసు. చివరికి విసుగెత్తి, తెల్లటి ప్లాస్టరు ముక్క మీద ‘తలకు నూనె వద్దు’ అని బాల్‌పెన్నుతో రాసి నా మూత మీద అంటించింది. చదివేసరికి ఎలాగూ మనిషి నా దగ్గరికి వచ్చేసి ఉంటాడు గనుక దానివల్ల ఏ ప్రయోజనమూ కలగలేదు. ఇప్పటికీ అది అలాగే ఉంది.

నా పని మీకు ఒక్క విషయంలో అర్థమైతే చాలు, మిగతాదంతా అర్థమవుతుంది. మనిషి కళ్ళు మూసుకుని ఏ ఆలోచనా లేకుండా ఉంటే నా కలాలు పెద్ద పెద్ద అలలు గీస్తాయి, ఒకే తూగుతో, చూడముచ్చటగా. కళ్ళు తెరిచాడా, అలలు పోయి చిన్న చిన్న గీతలు మిగులుతాయి. కళ్ళు మూసుకునే ఉన్నా, మనసు దేనిమీదైనా గట్టిగా పెడితే అంతే. మార్తమ్మ అందుకే ‘వందలోంచి ఏడేడు తీసేస్తూ రండి’ అనేది. తొంభై మూడు దగ్గరే నా అలలు కుంచించుకుపోయేవి. అంటే పెద్ద అలలంటే లోపల విశ్రాంతి, చిన్న గీతలంటే లోపల పని. నాకు తెలిసింది అంతవరకే.

ఆ పని ఏమిటో మాత్రం నాకు తెలియదు. ఒకసారి ఒక లెక్కల మాస్టారు వచ్చాడు. పరీక్ష సాగినంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. లేవగానే కళ్ళు తుడుచుకున్నాడు. ఏమైందని మార్తమ్మ అడిగితే ఏమీ లేదమ్మా అన్నాడు. నా దగ్గర ఇరవై నిమిషాల కాగితం ఉంది, అందులో ఆయన తలలోంచి నేరుగా వచ్చిన గీతలున్నాయి. ఆయన దేనికి ఏడ్చాడో అందులో లేదు. అలా వేలమంది తలలకు నాకంటే దగ్గరగా ఎవరూ వెళ్ళలేదు. వాళ్ళలో ఒక్కరి సంగతీ నాకు తెలియదు. గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి రమ్మనే మాట ఎన్నడూ వినకపోవడం ఎలా ఉంటుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. వాటికి సిరా అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు. మార్తమ్మ రిటైరైన ఏడాదే నన్ను వేలంలో పెట్టారు. పాత సామాన్ల వ్యాపారి కొన్నాడు, అతని దగ్గర నుంచి హైదరాబాదు కృష్ణానగర్‌లో సినిమా ప్రాపర్టీస్ అద్దెకిచ్చే షాపువాడు కొన్నాడు. నా సొరుగులో వైర్లు, బిళ్ళలు, నాలుగు కాగితం కట్టలు అలాగే ఉండిపోయాయి. వాటిని ఎవరూ తీయలేదు, ఎందుకంటే నాకు సొరుగుందని ఎవరికీ తెలియదు. అట్ట కిరీటాలకూ రబ్బరు పాములకూ మధ్య నాలుగేళ్ళున్నాను. బాంబు వేషాలన్నీ అప్పటివే.

ఆ షాపుకే ఒకనాడు ఇద్దరు మనుషులు వచ్చారు. వాళ్ళే వీరభద్రం, యాకూబ్. జంట రచయితలు. వీరభద్రం తెనాలివాడు, సన్నగా, ఎప్పుడూ ఏదో మరచిపోయినవాడిలా ఉండేవాడు. యాకూబ్‌ది ఖమ్మం, భారీ మనిషి, ఏ గదిలోకి వచ్చినా ముందు గొంతు వచ్చేది. పన్నెండేళ్ళుగా పెద్ద రచయితల చర్చల్లో కూర్చుని సీన్లు చెప్పడం వాళ్ళ బతుకుదెరువు. వాళ్ళ పేర్లు ‘కథాచర్చలు’ అన్న మాట కింద, కళ్ళద్దాలు పెట్టుకున్నా కనపడనంత చిన్న అక్షరాల్లో, జనం ఇంకా సీట్లు వెతుక్కుంటున్నప్పుడు తెర మీద మెరిసి పోయేవి. ‘కథ: వీరభద్రం–యాకూబ్’ అని ఒక్క సినిమాకైనా పడాలన్నది వాళ్ళ కోరిక. ఆ కోరిక తీర్చే కథ ఒకటి వాళ్ళ దగ్గరుంది. దానికోసమే నన్ను నెలవారీ అద్దెకు తీసుకుని యూసుఫ్‌గూడలో వీరభద్రం గదికి తెచ్చారు.

కథ ఇది. హీరో డాక్టరు. ప్రమాదంలో అతని భార్యకు మాటా కదలికా పోతాయి. ఆమె మనసులో మాట వినాలని అతను పదేళ్ళు కష్టపడి ఒక యంత్రం తయారుచేస్తాడు. అందరూ పిచ్చివాడంటారు. ఒకరోజు యంత్రం సిద్ధమవుతుంది. ఆమె తలకు తగిలిస్తాడు, స్విచ్ వేస్తాడు. అప్పుడు యంత్రం ఏమంటుంది? ఇక్కడే రెండేళ్ళుగా బండి ఆగిపోయి ఉంది.

సినిమావాళ్ళు కథను చదవరు, వింటారు. అందుకని జంటలో వీరభద్రం రాసేవాడు, యాకూబ్ చెప్పేవాడు. యాకూబ్ కథ చెబితే తలుపు కిర్రుమనేది, వాన పడేది, నేపథ్య సంగీతం కూడా నోటితోనే వచ్చేది. వీరభద్రం చెబితే పక్కింటివాళ్ళ కరెంటు బిల్లు చదివినట్టుండేది. ఇద్దరికీ ఈ సంగతి తెలుసు, అందుకే గొడవ లేదు. గొడవంతా మనసు దగ్గరే. మెదడూ మనసూ ఒకటేనని వీరభద్రం. కాదని యాకూబ్.

“మెదడు థియేటరు అన్నా. మనసు సినిమా. థియేటరు గోడలు కొలిచి సినిమా ఎట్లుందో చెప్తరా?” అనేవాడు.

“థియేటరు కాలిపోతే సినిమా ఆగదంట్రా?” అనేవాడు వీరభద్రం.

ఇద్దరూ నావైపు చూసేవాళ్ళు. నేనేం చెప్పను? నేను గోడలు కొలిచేదాన్ని.

నన్ను నడపడం వాళ్ళకు రాలేదు. ఆసుపత్రికి ఫోను చేసి, అడిగి అడిగి, మార్తమ్మ ఇప్పుడు మౌలాలీలో చెల్లెలి ఇంట్లో ఉంటోందని తెలుసుకున్నారు. ఆమె వచ్చింది. జుట్టంతా నెరిసిపోయింది. నా మూత మీద ప్లాస్టరు చూసి, చేత్తో తడిమింది. తర్వాత రచయితలతో, “ముప్పై రెండేళ్ళు దీంతోనే కదండీ నేను కాపురం చేసింది,” అంది. ఆ మాట నేను ఇప్పటికీ నెమరు వేసుకుంటూ ఉంటాను.

ముందు ఎర్తు వైరు చూసింది. ఒక రేడియో మెకానిక్కును పిలిపించి పోయిన ఫ్యూజులు వేయించింది. సన్నటి తీగతో నా కలాలు పొడిచి, వేడినీళ్ళతో కడిగి, ఫౌంటెన్ పెన్ను సిరా పల్చగా కలిపి పోసింది. ఎనిమిదిలో అయిదు కలాలు లేచాయి. యాకూబ్ తల మీద బిళ్ళలు అంటించారు. అతను కూడా నూనె రాసుకునే వచ్చాడని వేరే చెప్పాలా?

యాకూబ్‌కు కథ వింటున్నప్పుడు కళ్ళు మూసుకునే అలవాటుంది. వీరభద్రం ఒక సీను చదవడం మొదలుపెట్టాడు. కాసేపు చిన్న గీతలు గీశాను. తర్వాత హీరో ఉపన్యాసం వచ్చింది. నా అలలు ఒక్కసారి పెద్దవై, హాయిగా ఊగడం మొదలుపెట్టాయి. మార్తమ్మ కాగితం చూస్తూ, ఏ కపటమూ లేకుండా, “ఈయన వినట్లేదండీ,” అంది. యాకూబ్ కళ్ళు తెరిచి గది అదిరేలా నవ్వాడు. వీరభద్రం ఆ ఉపన్యాసాన్ని కొట్టేశాడు. ఆ నెలంతా ఇదే ఆట. ఏ సీను చదివినా మార్తమ్మ గీతలు చూసి తీర్పు చెప్పేది. ఆమె ప్రతిసారీ ఇది ఖాయం కాదండీ, తుమ్మొచ్చినా గీతలు మారతాయండీ అని హెచ్చరించేది. వాళ్ళు వినేవారు కాదు. మూడు కట్టల కాగితం అయిపోయింది. నా బతుకులో నేను సంతోషంగా ఉన్న నెల ఏదంటే అదేనని చెబుతాను.

ఒక సాయంత్రం యాకూబ్ బోరబండలో తన ఇంటి నుంచి ఫోను చేశాడు. వీరభద్రం ఫోనును నా మూత మీద పెట్టి, గట్టిగా వినపడేలా చేసి, చొక్కా మడత పెట్టుకుంటున్నాడు.

“భద్రన్నా, క్లైమాక్స్ దొరికింది. ఫోన్ల చెప్తే రుచి పోతది. పొద్దున వచ్చి చెప్త.”

వీరభద్రం సరే అన్నాడు. ఇంకెవరైనా అయితే ఆ నాలుగు మాటలూ అప్పుడే చెప్పేసి ఉండేవారు. కథలు చెప్పేవాళ్ళు చెప్పరు. ఎదురుగా మనిషి ఉండాలి, కుర్చీ ఉండాలి, టీ రావాలి, గొంతు సవరించుకోవాలి. వాళ్ళ కులదైవానికి నైవేద్యం లాంటిది అది. పొద్దున యాకూబ్ గడ్డం గీసుకుంటూ అద్దం ముందే కూలిపోయాడు. మెదడులో ఎడమ పక్క రక్తం గడ్డకట్టింది. రెండు నెలల తర్వాత ఇంటికి వచ్చేసరికి కుడిచేయి, కుడికాలు పడిపోయి ఉన్నాయి. మాట పోయింది.

మాటల్లో ఒక్కటి మాత్రం మిగిలింది. అలా జరుగుతుందని, అన్నీ పోయి ఒక్క మాట నాలుక మీద ఉండిపోవడం తాను చాలామందిలో చూశానని మార్తమ్మ తర్వాత చెప్పింది. యాకూబ్‌కు మిగిలిన మాట ‘తర్వాత?’ పన్నెండేళ్ళు చర్చల్లో ఎదుటివాడు సీను చెబుతుంటే తలూపుతూ అతను అనే మాట అదే. ఇప్పుడు ఆకలైనా అదే, దాహమైనా అదే. భార్య రహీమా మొహం తుడిచినా అదే అనేవాడు.

ఇంతలో వాళ్ళు ఎంతోకాలంగా చుట్టూ తిరుగుతున్న నిర్మాత కబురు పంపాడు. గురువారం ఉదయం పదకొండింటికి కథ వింటానన్నాడు. ఆయన అంత తేలిగ్గా తేదీ ఇవ్వడు, ఇచ్చినది తప్పితే మళ్ళీ ఇవ్వడు. పన్నెండు రోజుల టైముంది. వీరభద్రానికి కథ చెప్పడం రాదు, క్లైమాక్స్ లేదు. క్లైమాక్స్ ఎక్కడుందో మాత్రం తెలుసు. బోరబండలో, మంచం మీద, ఒక తలలో ఉంది.

మొదట వీరభద్రం తనకు తోచిన ముగింపులు ఒక్కొక్కటీ రాసి తీసుకెళ్ళి చదివేవాడట. చదవగానే యాకూబ్ ‘తర్వాత?’ అనేవాడట. ఇది కాదన్నమాట అనుకుని వీరభద్రం ఇంటికొచ్చి ఇంకోటి రాసేవాడు. తల ఊపమంటే యాకూబ్ అవునన్నదానికీ కాదన్నదానికీ ఒకేలా ఊపేవాడు. ఎనిమిది రోజులు అలాగే గడిచాయి. గదిలో కాగితాలు చింపే చప్పుడు, తనలో తనే గొణుక్కునే చప్పుడు తప్ప నేనేమీ వినలేదు. తొమ్మిదో రోజు అతను నా ముందు కుర్చీ వేసుకుని నా కలాలను చాలాసేపు చూశాడు. ఏం ఆలోచిస్తున్నాడో నాకు తెలిసిపోయింది. ఒక మనిషి ఆలోచన నాకు తెలియడం అదే మొదటిసారి, అదీ వైర్లు లేకుండా.

మార్తమ్మ ఒప్పుకోలేదు.

“ఇది అలలు రాసుద్దండీ, మాటలు రాయదు. మీకు తెలుసు గదా. సినిమాలో మిషను వేరు, ఇది వేరు,” అంది.

మాటలు వద్దన్నాడు వీరభద్రం. అన్ని ముగింపులూ చదువుతానని, దేనికి అతను మనసుపెట్టి వింటాడో అది చెబితే చాలని అన్నాడు. అదే యాకూబ్ క్లైమాక్స్ అయి ఉంటుందని. మార్తమ్మ చాలాసేపు ఆలోచించి, ఆ ఇంటావిడ సరేనంటేనే వస్తానంది.

మంగళవారం ఉదయం నన్ను ఆటో ట్రాలీలో బోరబండ తీసుకెళ్ళారు. రెండు గదుల ఇల్లు. నన్ను మోసిన ఇద్దరూ గుమ్మంలో చెప్పులు తొక్కుకుని నన్ను పడేయబోయారు. రహీమా మంచం పక్కన స్టూలు జరిపి చోటు చేసింది. ఆమె అడిగింది ఒక్కటే. “అన్నయ్యా, ఆయనకి నొప్పి పుట్టదు గదా?” పుట్టదమ్మా అని మార్తమ్మే జవాబు చెప్పింది. ఈసారి యాకూబ్ తలకు నూనె లేదు. రహీమా పొద్దున్నే తలంటు పోసి, తువ్వాలుతో ఆరబెట్టి ఉంచింది. నాకు అది చూసి బాధ కలిగింది.

సొరుగులో చివరి కాగితం కట్ట ఒక్కటే ఉంది. ఎంత పొదుపు చేసినా అరగంటకు మించి రాదు. మార్తమ్మ నా ఎడమ కలాలను పట్టించుకోవద్దని, దెబ్బ తగిలిన పక్క గీతలు ఎలాగూ సరిగా ఉండవని, కుడివైపు చూస్తానని చెప్పింది. యాకూబ్ కళ్ళు మూసుకున్నాడు. ఆ అలవాటు పోలేదు. స్విచ్ వేశారు.

నేను ఏం కోరుకున్నానో దాచుకోను. ఒక్క మాట రాయాలని కోరుకున్నాను. ఇన్నేళ్ళ నౌకరీలో ఒక్కసారి, ఒక్క అక్షరం, వంకరగా అయినా సరే. ఆ తలలో ఆ క్లైమాక్స్ ఉంది, దానికీ నాకూ మధ్య ఒక బిళ్ళా, దాన్ని అంటించే రవ్వంత పేస్టూ తప్ప ఏమీ లేదు. నా కలాలు గరగరలాడాయి. అలలు గీశాయి.

వీరభద్రం మొదటి ముగింపు చదివాడు. యంత్రం భార్య గొంతుతో ‘నన్ను వెళ్ళనివ్వు’ అంటుంది. మొదట గీతలు కొంచెం చిన్నవయ్యాయి, తర్వాత పెద్ద అలలు వచ్చేశాయి. మార్తమ్మ తల అడ్డంగా ఊపింది. రెండోది చదివాడు. యంత్రం హంతకుడి పేరు చెబుతుంది. ఇంకా పెద్ద అలలు. మూడోది నిర్మాత బామ్మర్ది చర్చల్లో ఇచ్చిన సలహా, యంత్రం పాట పాడుతుంది. అప్పుడు నేను గీసిన అలల్లాంటివి నా జీవితంలో ఆ వాచ్‌మన్ తర్వాత మళ్ళీ గీయలేదు. మార్తమ్మకు నవ్వొచ్చి ఆపుకుంది. నాలుగు, అయిదు, ఆరు. కాగితం జరిగిపోతోంది. ప్రతిదాని చివరా యాకూబ్ ‘తర్వాత?’ అంటున్నాడు. ఏడోది సగం చదివి వీరభద్రం ఆగిపోయాడు. చేతిలో కాగితాలు మంచం మీద పెట్టేశాడు.

“ఒరేయ్ యాకూబూ, నీకొక సంగతి చెప్పాలి,” అన్నాడు.

గొంతు మారింది. కరెంటు బిల్లు చదివే గొంతు కాదది.

“ఆ సాయంత్రం నువ్వు ఫోను చేసినప్పుడు, ఇప్పుడే చెప్పరా అని అడిగుండొచ్చు నేను. అడిగితే చెప్పేవాడివే. కావాలనే అడగలేదు. నా దగ్గరా ఒక క్లైమాక్స్ ఉందిరా అప్పుడు. నీది బాగుంటే నాది పోద్దని, ఒక్క రాత్రి ఆలస్యమైతే మంచిదేనని అనుకున్నా. పన్నెండేళ్ళూ నీ నోటితో బతికి, నీ మీదే కుళ్ళుకున్నా. నాది మొదట చదివానే, నన్ను వెళ్ళనివ్వు అనేది, అదే. నీకు నచ్చలేదు. నాకూ నచ్చలేదులే.”

మార్తమ్మ కాగితం మీదికి వంగింది. నా కుడివైపు కలాలు మూడూ దగ్గరకు ముడుచుకున్నాయి. అలలు లేవు. చిన్న గీతలు, మరీ చిన్నవి, వరసగా, విడవకుండా. యాకూబ్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. వీరభద్రం ఇంకా ఏదేదో చెబుతూనే ఉన్నాడు. ఖమ్మం బస్టాండులో మొదటిసారి కలిసిన రోజు గురించి, తన పేరు ముందు పడాలా యాకూబ్ పేరు ముందు పడాలా అని లోలోపల ఎన్నిసార్లు అనుకున్నాడో దాని గురించి. నేను గీస్తూనే ఉన్నాను. ఒక్కటంటే ఒక్క అల రాలేదు.

“వింటున్నాడండీ,” అంది మార్తమ్మ మెల్లగా. ఈసారి తుమ్ము సంగతి ఎత్తలేదు.

అప్పుడే కాగితం అయిపోయింది. నా కలాలు ఉత్త రేకు మీద కొంచెం దూరం గీసి ఆగాయి. వీరభద్రం మాట ఆపాడు. యాకూబ్ కళ్ళు తెరిచి, ఎడమచేత్తో దుప్పటి మీద తడుముకుంటూ వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు.

“తర్వాత?” అన్నాడు.

సినిమాకు ముగింపు ఆ గదిలోనే దొరికింది. అది యాకూబ్ అనుకున్నదో కాదో ఎవరికీ తెలియదు, నాకు అసలే తెలియదు. డాక్టరు యంత్రం స్విచ్ వేస్తాడు. యంత్రం ఏమీ అనదు. పదేళ్ళ కష్టం వృథా అయిందని అతను ఏడుస్తూ భార్యకు తన తప్పులన్నీ చెప్పుకుంటాడు. యంత్రం మీద చిన్న గీతలు వస్తాయి. ఆమె వింటోందని మాత్రం తెలుస్తుంది. అతను కుర్చీ దగ్గరకు జరుపుకుని మళ్ళీ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెడతాడు. అంతే సినిమా.

గురువారం వీరభద్రం యాకూబ్‌ని చక్రాల కుర్చీలో పక్కన కూర్చోబెట్టుకుని నిర్మాతకు కథ చెప్పాడు. తలుపు కిర్రుమనలేదు, వాన పడలేదు, సంగీతం రాలేదు. అయినా బాగానే చెప్పానని అతను తర్వాత మార్తమ్మకు చెబుతుంటే విన్నాను. నిర్మాత కూడా కళ్ళు తుడుచుకున్నాడట. తుడుచుకుని, “మిషను మాట్లాడాలయ్యా. మాట్లాడనిదానికి అంత పెద్ద మిషనెందుకు?” అన్నాడట. భార్య గొంతుతో రెండు మాటలు, ఒక పాట పెడితే వెంటనే మొదలుపెడదామన్నాడు. జీవితంలో ఎవరికీ కాదని చెప్పని వీరభద్రం యాకూబ్ వైపు చూసి, కాదని చెప్పాడు. వాళ్ళ పేర్లు పెద్ద అక్షరాల్లో పడలేదు.

ఆ వారమే నన్ను షాపుకు తిరిగి ఇచ్చేశారు. వెళ్ళే ముందు మార్తమ్మ నా కలాలు తీసి కడిగి, తుడిచి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎవరైనా వాడతారనేమో. ఎవరూ వాడలేదు. కిరీటాలు, పాములు, నేను. మళ్ళీ బాంబు వేషాలు. ఒక కలం ఎక్కడో షూటింగులో విరిగిపోయింది, దాని స్థానంలో అగరబత్తి పుల్ల అంటించారు. అలా ఆరేళ్ళు గడిచాయి. మూత వేసిన పెట్టెలో మనిషి తల జాడ లేకుండా ఆరేళ్ళంటే ఎంతకాలమో మీకు ఎలా చెప్పాలో తెలియదు. మొదట్లో ఎవరైనా వస్తారనుకున్నాను, తర్వాత అనుకోవడం మానేశాను.

మొన్న వేసవిలో నన్ను ఊరి బయట మూతపడ్డ ఫ్యాక్టరీకి షూటింగుకు తీసుకెళ్ళారు. అణుకేంద్రం కంట్రోల్ రూమునట ఈసారి. మధ్యాహ్నం భోజనాల వేళకు అందరూ బయటి టెంటు కిందికి వెళ్ళారు. సెట్లో డైలాగులు దిద్దడానికి వచ్చిన ముసలాయన ఒకరు ఫ్యాన్ గాలి కోసం లోపలికి వచ్చాడు. చెమట తుడుచుకుంటూ నా మూత మీద చెయ్యి వేశాడు. ప్లాస్టరు ముక్క చేతికి తగిలింది. అక్షరాలు వెలిసిపోయాయి గానీ చదవొచ్చు. చదివాడు. వీరభద్రం అంత ముసలివాడవుతాడని నేను అనుకోలేదు.

కుర్చీ లాక్కుని నా ముందు కూర్చున్నాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు.

యాకూబ్ పోయి ఏడాదైందని చెప్పాడు. ఆ నిర్మాత గదిలోంచి బయటికి వచ్చిన మర్నాటి నుంచీ రోజూ పొద్దున బోరబండ వెళ్ళి అతనికి ఒక కథ చెప్పేవాణ్ణన్నాడు. సినిమాకు పనికొచ్చేవీ పనికిరానివీ, ఎవరికీ అమ్మనివి. అయిదేళ్ళు. యాకూబ్ కళ్ళు మూసుకుని వినేవాడు, ఆగినచోటల్లా ‘తర్వాత?’ అనేవాడు. అది వింటున్న మాటో, నాలుక మీద మిగిలిన మాటో తనకు తెలియదని, తెలుసుకోవాలని కూడా అనిపించలేదని అన్నాడు. మార్తమ్మ అంతకు ముందే పోయింది. ఆ మాట అతను మామూలుగా చెప్పాడు, నేను మామూలుగా వినలేదు.

“చివరి రోజు చెప్పిన కథ సగంలో ఆగాను. వాడు ఏమీ అనలేదు. మిగతా సగం నా దగ్గరే ఉండిపోయింది,” అన్నాడు.

తర్వాత గొంతు సవరించుకుని, ఎదురుగా మనిషి ఉన్నట్టే, ఆ కథ ఆగినచోటు నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఒక పోస్ట్‌మన్, అతను అందించలేకపోయిన ఉత్తరం, వాన. ఆశ్చర్యం, వాన పడింది. తలుపు కూడా కిర్రుమంది. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నాకు తెలుసు. బయట భోజనాలు అయిపోతున్నాయి, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది, అతను తొందరపడలేదు. మధ్యలో ఒకచోట ఆగి, అలవాటుకొద్దీ, నా వైపు చూశాడు.

నా దగ్గర ఆ ఒక్క మాట కూడా లేదు. సిరా ఎండిపోయింది, కాగితం లేదు, నా వైర్ల చివర ఏ తలా లేదు. తగిలించడానికి నాకే ఒక తల ఉండి ఉంటే, మార్తమ్మ ఒక్కసారి వంగి చూసి అతనికి చెప్పేసి ఉండేది. అన్నీ చిన్న గీతలేనండీ అని.